చూపి పెట్టిన చేయి

వాగ్దేవికి వందనమొనర్చి, విశ్వావసు నామ సంవత్సర శ్రావణ బహుళ తదియ నాడు ఈ జ్ఞాపకాన్ని అక్షరాలలో నిలుపుతున్నాను.

నా చిన్నప్పుడు, సౌమ్య నామ సంవత్సరంలో, కోరుట్లలోని మా యింట నన్ను ముట్టుకునే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన మా బాపు. తల్లి నాకు ఊహ తెలియకముందే గతించింది. నన్ను పెంచిన మా బాపమ్మ, అంటే మా బాపు తల్లి, ఆచారం తప్పని మనిషి. తెల్లవారకముందే బావి దగ్గర స్నానం చేసి తడిబట్టతో మడి కట్టుకున్నదంటే, పొద్దు వాలేవరకు ఎడంగా నిలిచి మాట్లాడవలసిందే. అన్నం పెట్టేది, జడకు రిబ్బను తెప్పించేది, కథలు చెప్పేది. అన్నీ ఎడం నుండే. బాపు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. సాయంకాలం అరుగు మీద కూర్చొని ఏదో ప్రబంధం చదువుకుంటూ ఉంటే, నేను వెనుక నుండి వచ్చి ఆయన మెడకు రెండు చేతులూ పెనవేసి వేలాడేదాన్ని. ఆయన చదువు ఆపకుండానే ఒక చేత్తో నా మణికట్టు పట్టుకునేవారు. దినమంతా నేను ఎదురుచూసేది ఆ పట్టు కొరకే.

ఆ యేడు ప్రత్యేక తెలంగాణ కొరకు తొలి ఉద్యమం సాగుతుండగా బడులు మూతపడ్డాయి. జ్యేష్ఠమాసంలో బాపు జగిత్యాలలో ఊరేగింపునకు వెళ్లి, అక్కడే పట్టుబడి జైలుకు పోయారు. నా ఈడు పిల్లలు తమ తమ అమ్మమ్మల ఊళ్లకు తరలిపోయారు. నేను పలక మీద వ్రాసినదే వ్రాసి తుడుచుకుంటూ, బావి గిలక చప్పుడు వింటూ, పలకరింపు లేని పగళ్లను గడిపాను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఆయన తిరిగి వచ్చారు. బాపమ్మ వాకిట్లోనే ఆపి, "ఎవలెవలి చేతి కూడు తిన్నవో ఏమో, ముందుగాల బావికాడికి నడువు" అన్నది. స్నానం చేయించి, పంచగవ్యం పుచ్చుకోమని, జంధ్యం మార్పించి, అప్పుడు గాని గడప దాటనియ్యలేదు. సాయంకాలం ఆయన అరుగు మీద కూర్చున్నారు. నేను ఎప్పటివలెనే వెనుక నుండి వెళ్లి చేతులు చాచాను. అవి మెడకు తగలకముందే ఆయన దేహమంతా పక్కకు జరిగిపోయింది. కనులు మూసుకొని, భుజాలు బిగించి, గోడకు ఒరిగిపోయారు. కొంతసేపటికి కనులు తెరిచి నన్ను చూసి, "ఏం లేదు బిడ్డా, పో, ఆడుకో" అన్నారు.

మా యింట పెరిగిన పిల్లకు తోచే అర్థం ఒక్కటే. బాపు కూడ మడి కట్టారు, నేను మైల. అందుచేత మరునాడు పొద్దున్నే బావి దగ్గర నెత్తి మీదుగా నీళ్లు గుమ్మరించుకొని, తడిసిన లంగా జాకెట్టుతోనే, దారిలో దేనినీ తాకకుండా నడిచి, మళ్లీ ఆయన వెనుక నిలిచి భుజం ముట్టుకోబోయాను. మళ్లీ అదే జరిగింది. మడితో వచ్చినా నన్ను ఒల్లనివారికి ఇక ఏమి చేసి దగ్గర కాగలనో నాకు తెలియలేదు. వీధి అరుగు చివర కూర్చొని వణుకుతూ ఉండిపోయాను.

పక్కింట్లో అద్దెకు ఉండే అక్క అప్పుడే దవాఖానకు బయలుదేరింది. సిరిసిల్ల వైపు బోయినపల్లిలో కూలి చేసుకునే క్రైస్తవుల ఇంట పుట్టి, జగిత్యాలలో నర్సు పని నేర్చుకొని మా ఊరికి వచ్చిన మనిషి. బాపమ్మకూ ఆమెకూ రోజూ ఒక మాట నడిచేది. ఆనాడు కూడ బాపమ్మ లోపలి నుండే, "దూరం దూరం సిస్టరమ్మా, మడిల ఉన్న" అన్నది. అక్క నవ్వి, "నా చేతిల సూది ఉన్నది బాపమ్మా, నువ్వే దూరముండు" అన్నది. తరువాత నా వైపు తిరిగి, "గీ తడిబట్టలేంది చెల్లె? మార్చుకొని రా, నాతోని పోదాం. బడి లేకపాయె, ఇంత ఇంగ్లీషన్న నేర్పుత" అన్నది.

దవాఖానలో ఒక మూల బల్ల మీద నన్ను కూర్చోబెట్టింది. సూది కనబడగానే ఒక ముసలమ్మ చేయి వెనక్కు గుంజుకున్నది. అక్క నాతో, "అది ఫ్లించ్. సూది ఇంకా దిగనే లేదు, ఒళ్లు ముందే గుంజుకున్నది" అన్నది. తాటిచెట్టు మీది నుండి జారి మోకాలు చెక్కుకుపోయిన గౌడు ఒకాయన, మందు పడగానే పళ్లు బిగించి మొహం చిట్లించాడు, కాలు మాత్రం కదపలేదు. "గిది విన్స్. నొప్పి అచ్చినంక అచ్చేది. ఏం మామా, మంటనా?" అంటే ఆయన, "మంట గాదు పిల్లా, నీ మొహం చూసి నవ్వుతున్న" అన్నాడు. పటేలు ఇంటి మనిషి లోపలికి రాగానే, బెంచీ మీది జీతగాడు లేచి, ఉన్న మనిషి సగమై గోడ పక్కకు ఒదిగాడు. అక్క గొంతు తగ్గించి, "గది క్రింజ్" అన్నది. పుండు కట్టు విప్పగా చూసి ఒకామె మూతికి కొంగు అడ్డం పెట్టుకొని వెనక్కు అడుగు వేసింది. దాని పేరు రికాయిల్ అట. మా బడి నిఘంటువులో వీటన్నిటికీ ఎదురుగా జంకుట అనే ఒక్క మాటే ఉండేది.

మా బాపుది ఏదని అడిగాను. మడి సంగతీ చెప్పాను. అక్క చేతిలోని దూది పక్కన పెట్టింది.

"ఎన్కకెల్లి పోయినవా, ముంగటికెల్లి పోయినవా?"

"ఎన్కకెల్లి."

"నిన్ను చూసి జరిగిండా, చూడకముందే జరిగిండా?"

చూడకముందే అన్నాను.

"అయితే అది మడి గాదు చెల్లె. వద్దనుకునేటోడు నిన్ను చూసి జరుగుతడు. ఫ్లించ్ అయ్యేటోడు నిన్ను చూడనే చూడడు. ఆయన చూసింది వేరేటోని చెయ్యి."

మళ్లీ దూది చేతిలోకి తీసుకున్నది. మధ్యాహ్నం వరకు ఆమె పని చేసే తీరును నేను గమనించాను. గాయపడినవారి దగ్గరకు ఎన్నడూ వెనుక నుండి పోదు. ఎదుట నిలిచి, రెండు అరచేతులూ తెరిచి చూపి, "చెయ్యి పెడుతున్న" అని, వారు ఊఁ అన్నాకనే పెడుతుంది.

ఆ సాయంకాలం బాపు అరుగు మీద ఉన్నారు. ఒడిలో పుస్తకం తెరిచి ఉన్నది, పుట మాత్రం తిరగడం లేదు. నేను వీధి వైపు నుండి చుట్టి వచ్చి ఎదుట నిలిచి అరచేతులు చూపాను. "బాపూ, చెయ్యి పెడుతున్న." ఆయన నా మొహం చూడలేదు, అరచేతులనే చూశారు. తరువాత, "పెట్టు బిడ్డా" అన్నారు. భుజం మీద పెట్టాను. ఆయన నుదురు ముడిపడింది, కాని భుజం అక్కడే ఉన్నది. అది విన్స్ అని నాకు తెలిసింది. అంగీ కింద జైలు దెబ్బలు ఇంకా మానలేదనీ తెలిసింది. చేయి తేలిక చేశాను, తీయలేదు.

ఎవరు నేర్పారని అడిగితే, అక్క చెప్పిన మాటలన్నీ వరుసగా ఒప్పగించాను. ఆయన పండితుల అలవాటు కొద్దీ వాటికి తెలుగు వెతకసాగారు. "విన్స్ అంటే మొహం చిట్లించుడు అనొచ్చు. ఆ మొదటిది మాత్రం... ఉలుకు అంటే సగమే, జంకు అంటే సగమే. దెబ్బ పడకముందే తిన్నట్టుండేదానికి మన దగ్గర ఒక్క మాట దొరుకుత లేదు బిడ్డా." జైలును గురించి ఆయన నాతో అన్నది జీవితాంతం అదొక్కటే. నా మణికట్టు మాత్రం పట్టుకున్నారు. లోపలి నుండి బాపమ్మ, "దీపాలు పెట్టే యాళ్ల ఏం ఇంగ్లీషురా" అన్నది.

వెనుక నుండి మెడకు వేలాడే భాగ్యం నాకు మళ్లీ దక్కలేదు. ఆ వెలితి ఈ వయసులోనూ అరుగు మీద ఒంటరిగా కూర్చున్న సాయంకాలాలలో నా చేతులకు తెలుస్తూనే ఉంటుంది. ఇప్పటికీ ఎవరి దగ్గరకైనా, నిద్రలేపవలసిన మనుమరాలి దగ్గరకైనా, ఎదుటి నుండే పోతాను. చేయి చూపి, చెప్పి, పెడతాను. నన్ను చూసి ఎవరైనా జరిగితే, వారు చూసినది నన్నేనా అని ముందు ఆలోచిస్తాను.

సౌమ్య నామ సంవత్సర కార్తీకమాసంలో బడి తెరిచారు. బాపు నన్ను సైకిలు వెనుక కూర్చోబెట్టుకొని తీసుకువెళ్లారు. "పట్టుకుంటున్న బాపూ" అని చెప్పి, ఆయన నడుము పట్టుకున్నాను.