సోర్కా వెనకాల ఎవరు?

కెర్రీ సముద్రతీరాన ఒక ఊళ్లో సగంమందికి ఒకటే ఇంటిపేరు. అందుకే బిడ్డ పేరు వెనక తండ్రి పేరు, దాని వెనక తాత పేరు తగిలించి పిలుస్తారు. ఆ వరస కట్టేది గోబ్నెట్ అవ్వ. జ్ఞానస్నానమైన బిడ్డను ఒళ్లో వేసుకుని, టీకప్పు పట్టుకుని వెచ్చబడ్డ అరచేతిని నుదుటికి ఆనించి, ముందు పేరుకి అర్థం చెబుతుంది, తర్వాత వరస చదువుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని తిరిగి పలికితేనే ఆ బిడ్డ ఊరిబిడ్డ అయినట్టు.

నూలాకి పెళ్లి కాలేదు. బిడ్డ తండ్రి సంగతి ఎవరూ అడగలేదు గానీ, ఆమెను మాత్రం నెలల తరబడి గుచ్చి గుచ్చి చూశారు. జ్ఞానస్నానం నాడు ఆమె బిడ్డను అందుకుని, "సోర్కా అంటే వెలుగు" అంది అవ్వ.

"వెలుగు సరే అవ్వా, వెనకాల ఎవర్ని తగిలిస్తావు? గాలినా?" అన్నాడు తోమాస్ షీలా. కొందరు నవ్వారు. నూలా తల దించుకుంది.

"నీ వెనకాల ఉన్న షీలా ఎవర్రా, మీ నాన్నా? ఆయన స్కాట్లండ్ పోయి తిరిగి రాకపోతే మీ అమ్మ పేరే కదరా నిన్ను ఇన్నాళ్లూ మోసింది!" అని, అవ్వ బిడ్డవైపు తిరిగి నెమ్మదిగా చదివింది: "సోర్కా నూలా ఊనా. తల్లి, తల్లి తల్లి."

తోమాస్ టోపీ తీశాడు. "సోర్కా నూలా ఊనా" అని అందరికంటే ముందు అతనే పలికాడు. తర్వాత ఇల్లంతా పలికింది. చివర్న, తలెత్తి, నూలా గొంతు కలిపింది.