కలరా వేషం కట్టిన హుస్సేనప్ప

1955వ సంవత్సరం, శ్రావణమాసం. ఎమ్మిగనూరు దగ్గర బ్లాకు ఆఫీసులో నేను సోషల్ ఎడ్యుకేషన్ ఆర్గనైజరుగా చేరి అప్పటికి నాలుగు నెలలు. ఆ పేరు వినగానే అందరూ "అంటే ఏం పని?" అంటారు. ఊరూరా తిరిగి నాటకాలో, భజనలో, బొమ్మలో, ఏది దొరికితే దాంతో జనానికి ఆరోగ్యం గురించి, చదువు గురించి చెప్పడం. మా వంశంలో తొలి బి.ఏ. నేనే! మా నాయన ఆదోని పత్తిమిల్లులో బస్తాలు మోసేవాడు. నాకు ఉద్యోగం వచ్చిన ఆదివారం మా అమ్మ చర్చిలో పాట పూర్తయ్యేదాకా ఆగలేక, మధ్యలోనే పక్కామెకు చెప్పేసింది.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు బస్సుల నిండా జనం పోతారు. తిరిగొచ్చేటప్పుడు ఎవరో ఒకరు వాంతులూ విరేచనాలూ వెంట తెస్తారని మా ఆఫీసులో భయం. అందుకే ఒక నాటకం రాశాను. జీవితంలో మొదటిది. అందులో కలరాయే ఒక మనిషిలా ఊళ్లోకి నడిచి వస్తుంది. ఆడటానికి ఆదోని నాటక కంపెనీ వాళ్లు ఒప్పుకున్నారు కానీ, రాజువేషాలు కట్టే పెద్దాయన "రోగం ఏసం నేను కట్టనప్పా, ఇంటికి మంచిది కాదు, ఇందులో గూడా రాజు ఏసమే కడతా" అన్నాడు. ఆ వేషం హుస్సేనప్ప మీద పడింది.

హుస్సేనప్పకు యాభై ఉంటాయి. పగలు జిన్నింగ్ మిల్లులో పని, అంటే పత్తిలోంచి గింజ తీసే చోట. ఇరవై ఏళ్లుగా నాటకాల్లో దూత, రెండో మంత్రి, శాపం పెట్టి వెళ్లిపోయే ముని, ఇలాంటివే అతని వేషాలు. రాజు పద్యం ఎత్తుకుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడే మనిషి. ప్రేక్షకుల్లో అతని పేరు తెలిసినవాడు లేడు.

మొదట ఆడిన ఊరి పేరు రాయను. నాటకం రోజున హుస్సేనప్ప ముఖానికి అర్దళం, అంటే వేషాలకు పూసే పచ్చరంగు, పూసుకుని, కళ్లకింద మసి రాసుకుని, భుజాన సంచి వేసుకుని వచ్చాడు. ఉత్తుత్తి బావి ఒడ్డున గొంతుకూర్చుని, సంచిలోంచి చిటికెడు తీసి అందులో వేసి, "దాహమైతాందా తల్లీ? తాగు, తాగు" అన్నాడు మెల్లగా. ముందు వరసలో పిల్లలు ఏడ్చారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా నాటకం పండిందని నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

పక్క ఊళ్లలో కూడా ఆడాలని కంపెనీ ఆ ఊరి బడిలోనే మకాం పెట్టింది. మూడో రోజు నాకు ఆఫీసుకు కబురు వచ్చింది. జాతరకు వెళ్లొచ్చిన ఇంట్లో ఇద్దరు మంచాన పడ్డారు. ఊరివాళ్లు హుస్సేనప్పను పట్టుకుని కూర్చోబెట్టారు. హెల్త్ ఇన్‌స్పెక్టరుతో కలిసి జీపులో పరుగెత్తాను. టీకాలూ, ఊరి శుభ్రతా చూసే అధికారి ఆయన.

బడి అరుగు మీద హుస్సేనప్ప, చుట్టూ కర్రలతో మనుషులు. ఊరి పెద్ద లింగన్న ముందుకు వచ్చాడు.

"రాండి సారూ. మీ మనిసిని మీరే అడగండి. ఆ రేత్రి నాటకంలో ఏసిందే, తెల్లారి నిజంగా ఏసినాడు."

"ఎవరు చూశారు?"

"మా గంగమ్మ. దిగుడుబావి కాడ ఒక్కడే కూసోనుండెనంట. బడికాడ సూసినంక ఈయప్పే అని గుర్తుపట్టె. పని లేకుండా మగోడు ఆడ ఎందుకు కూసుంటాడు?"

నాకూ అనుమానం తగిలింది. అర్దళం విషం. ముఖం గాని బావిలో కడిగాడా? అడిగాను. "టెంకాయ నూనెతో తుడుసుకుంటి. ఆ గుడ్డ బడి ఎనక కాల్సినా సారూ" అన్నాడు. మరి బావి దగ్గర ఏం పని? తల దించుకున్నాడు. "ఊరికే కూసున్యా." ఎంత అడిగినా అదే మాట. ఏదో దాస్తున్నాడు.

ఉన్నట్టుండి, "ఆ నీళ్లే తెండి, తాగి సూపిస్తా" అని లేచాడు. ఎవరో చెంబుతో తెచ్చారు. అతను నోటి దగ్గర పెట్టుకునేలోపు ఇన్‌స్పెక్టరు చేత్తో కొట్టి చెంబు కింద పడేశాడు.

"ఆ నీళ్లు ఎవరూ తాగొద్దు!"

అంతే. "సూస్తిరా! నీళ్లల్లో ఏముండాదో ఈయప్పకూ తెలుసు!" అని గుంపంతా మా ముగ్గురి మీదికి తిరిగింది. మంచం పట్టినవాళ్ల బట్టలు బావిమెట్ల మీద ఉతికారనీ, రోగం అలా నీళ్లలోకి దిగుతుందనీ ఇన్‌స్పెక్టరు అరిచి చెప్తున్నా విన్నవాళ్లు లేరు. అందరి చూపూ ఇనాక్యులేషన్ పెట్టె మీదే. కలరా రాకుండా వేసే సూదుల పెట్టె అది.

"ఈయప్ప నిజం సెప్పేదంక ఈ ఊర్లో సూది దిగదు" అన్నాడు లింగన్న. ఒక కర్ర హుస్సేనప్ప భుజానికి ఆనింది. దెబ్బ పడితే అతని సంగతి సరే, సూదులు పడకపోతే ఎన్ని పాడెలు లేస్తాయో.

అతన్ని గది లోపలికి తీసుకెళ్లాను. "హుస్సేనప్పా, నిజం చెప్పు."

"సిగ్గు సారూ... ఆడోళ్లు తెల్లారి బావికాడ రేత్రి నాటకం గురించి మాట్లాడుకుంటారు. ఏసం లేకుంటే నన్ను గుర్తుపట్టేవాళ్లు లేరు. ఏ ఊర్లో ఆడినా పోయి కూసుంటా. రాజు ఏసం కట్టినోనికి దండలేస్తారు. నాకు ఆ మాటలే దండ."

నమ్మబుద్ధయింది. కానీ నమ్మేలా చెప్పడమే కదా అతని పని! బయటికొచ్చి చెబితే లింగన్న నవ్వాడు. "ఇది ఇంగొక నాటకం. యాడికి పోతాడు? గంగమ్మను పిలవండి. ఏం మాట్లాడుకున్యారో ఈయప్పనే సెప్పనీ."

గంగమ్మ వచ్చాక హుస్సేనప్ప నోరు విప్పాడు. గొంతు మారింది, అచ్చం గంగమ్మే. "'ఆ కలరా నాబట్ట చేతులిరగ! నా కొడుకు రేత్రంతా నిద్రపోలే. ఐనా రాజు ఏసమాయప్ప కంటే వీడే మేలు, ఆయప్ప పద్యం మర్సిపోయి దగ్గుతాడు.' అప్పుడు పక్కామె, 'ఏమో అక్కా, వాని నడక సూస్తే మా అత్తే వచ్చినట్లుండె' అనె."

గంగమ్మ వెంట వచ్చిన ఆ పక్కామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నా కొంప ముంచితివి గదప్పా!"

"నా మాదిరా?" అని గుంపు వెనకనుంచి అత్తగారి గొంతు. నవ్వని మనిషి లేడు.

లింగన్న మాత్రం నవ్వలేదు. "ఇన్యాడు, సరే. ఏసిల్లేదని ఏం నమ్మకం?"

గంగమ్మే కసిరింది. "నేను సూసినా అంటి గానీ, ఏసినాడంటినా? అది మీరు కలిపితిరి. చేతులు రెండూ మోకాళ్ల సుట్టూ పెట్టుకోనుండె, సంచి గూడా లేదు. మేమంతా నీళ్లు ఎత్తుకునేదానికి ముందే లేసి పాయ."

హుస్సేనప్ప చొక్కా చేయి పైకి మడిచాడు. "ముందు నాకు పొడవండి సారూ." సూది దిగగానే వీపు వంచి, కళ్లు తిప్పి, నాటకంలోని కలరాలా "సస్తి! ఈ ఊర్లో నాకు నీళ్లు పుట్టవు!" అని అరుగు మీంచి దొర్లాడు. పిల్లలు కేరింతలు కొట్టారు. గంగమ్మ కొడుకును ఎత్తుకుని వచ్చి చేయి చాపింది. ఆమె వెనక వరస కట్టారు.

అందరూ రాలేదు. లింగన్న మర్నాడు వచ్చాడు, అదీ సూదిని రెండుసార్లు తిప్పి చూశాక. బావిలో బ్లీచింగ్ పౌడరు వేయించాం. మంచాన పడ్డ ఇద్దరిలో ఒకరే లేచారు. సూదులు వేయించుకున్నాక కొత్తగా ఎవరూ పడలేదు.

జనాన్ని భయపెట్టడం సులువనీ, ఆ భయాన్ని వాళ్ల దగ్గర వదిలేసి మన దారిన మనం రాకూడదనీ ఈ పనిలో నాకు తెలిసింది ఆ ఊళ్లోనే. అప్పటినుంచి మా బ్లాకులో ఒక పద్ధతి పెట్టాను. రోగం వేషం ఎవరు కట్టినా, నాటకం అయ్యాక తెరవెనక్కి పోకూడదు. పెట్రోమాక్సు ముందే కూర్చుని, నూనెతో రంగు తుడుచుకుని, పేరూ తండ్రి పేరూ ఊరూ చెప్పి దిగాలి.

మొదటిసారి పక్క ఊళ్లో హుస్సేనప్ప అలా చేశాడు. ముఖం మీది పచ్చదనం పోయి బక్కపలచటి మిల్లు కూలీ బయటపడ్డాడు. ఇరవై ఏళ్లలో స్టేజీ మీద అతను తన పేరు చెప్పుకోవడం అదే మొదలు. జనం చప్పట్లు కొట్టడానికి చేతులెత్తారు. ఇంతలో ముందు వరసలో ఒక ముసలమ్మ పెట్రోమాక్సు వెలుగుకు చేయి అడ్డం పెట్టి అతన్ని తేరిపార చూసింది.

"ఉండండప్పా," అంది. "ఇది గూడా ఏసమేమో."