బొమ్మ తర్వాతే మనిషి

మనిషిని అంతరిక్షంలోకి పంపే పనిలో కొంత భాగం అబిడ్స్‌లో ఒక చీరల దుకాణం పైన జరిగిందంటే ఎవరూ నమ్మరు. నా పెళ్లిచూపులకు వచ్చినవాళ్లూ నమ్మలేదు. "రాకెట్లా? అబిడ్స్‌లోనా?" అని పెళ్లికొడుకు మేనత్త పకపకా నవ్వింది. ఆ సంబంధం అక్కడితో తప్పిపోయింది. పీడా పోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మనిషి కూర్చునే రాకెట్ మన దగ్గర అప్పటికింకా కాగితాల మీదే ఉంది. ఆ కాగితాల్లో కొన్ని కాంట్రాక్టు మీద మా చిన్న ఆఫీసుకు వచ్చాయి. పరీక్షలకు వరస వేయడం నా ఉద్యోగం. ముందు కుర్చీని ఒక్కదాన్నే కింద పడేసి చూడాలి. తర్వాత ఆ కుర్చీ బిగించిన గదిని పారాచూట్‌తో దించాలి. అది కుదిరితే చిన్న రాకెట్ మీద ఖాళీగా, ఆపైన పెద్ద రాకెట్ మీద ఖాళీగా, చిట్టచివరికి మనిషితో. ఏది ముందు, ఏది వెనక, ఏది చెడితే ఏది ఆగాలో గోడ నిండా చార్టు గీశాను. దాని నెత్తిన ఒకే ఒక్క నియమం పెట్టాను. కుర్చీలో ఏ చిన్న మార్పు చేసినా మళ్లీ బొమ్మను కూర్చోబెట్టి పడేయాలి. బొమ్మ తర్వాతే మనిషి.

బొమ్మంటే రెడీమేడ్ దుకాణాల ముందు సూటు వేసుకుని నిలబడతాడే, ఆయనే. ఒక దుకాణంవాళ్లు అమ్మేస్తుంటే పాతది తెచ్చుకున్నాం. మనిషి బరువు రావాలని లోపల ఇసుక పోశాం. ఎంత పోయాలో తేల్చడానికి బేగం బజార్‌లో ఒక ధాన్యం వ్యాపారి పెద్ద కాటా అడిగాం. ఒక పక్క మా సార్, ఇంకో పక్క బొమ్మ. చుట్టూ మిరపకాయల బస్తాలు, తుమ్ములు, జనం గుంపు. "ఏంది, తులాభారమా? బెల్లం గిట్ల పంచుతరా?" అని ఒక పెద్దావిడ కొంగు పట్టుకుని నిలబడింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఎక్కడికి తీసుకెళ్లినా ఇద్దరు మోసుకెళ్లి జాగ్రత్తగా కూర్చోబెట్టాలి కాబట్టి ఆ బొమ్మకు అల్లుడుగారని పేరు పడింది.

కాటాలో కూర్చున్న సార్ సంగతి చెప్పాలి. మెదక్ మనిషి. సైన్యంలో ఉన్నన్నాళ్లూ విమానాల్లోంచి పారాచూట్‌తో దూకాడు. బయటికొచ్చి మా ఆఫీసులో పారాచూట్ల పని చూసేవాడు. నన్ను బిడ్డా అనేవాడు. కుర్చీని పడేసే పరీక్షలో అల్లుడుగారి తర్వాత కూర్చోవాల్సిన మనిషి ఆయనే. అయితే యాభై నిండినవాళ్లను కూర్చోనివ్వనని మా డాక్టరు గట్టిగా చెప్పాడు. సార్‌కు జనవరిలో యాభై నిండుతాయి. పరీక్ష డిసెంబరులో. ఆ అవకాశం పోతే మరి లేదు.

"రాకెట్ ఎక్కే పోరగాండ్లు ఇంకా ఏ బడిల సదువుతున్రో ఏమో," అనేవాడు. "గని గా కుర్చీల మొదలు కూసునేది నేనే బిడ్డా." చర్చిలో అందరికీ చెప్పుకున్నాడు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఆయన పేరు పెట్టి ప్రార్థన చేశాడు. భార్య కొత్త బూట్లు కొనిపెట్టింది. అవి పాదాలకు అలవాటు కావాలని ఆఫీసు మెట్ల మీద టకటకలాడుతూ తిరిగేవాడు. మాకు తలనొప్పి.

అల్లుడుగారు అన్నిసార్లూ క్షేమంగా దిగాడు. క్రేన్ కొక్కేనికి కుర్చీ కట్టి, ఊరి బయట ఇసుక పరుపు మీద వదిలేవాళ్లం. ఇక మనిషి వంతు. దానికి ముందు పట్టీలు ఒకసారి బిగించి కుట్టమని కుర్చీని నాంపల్లి స్టేషన్ దగ్గర ఆటోలకు, స్కూటర్లకు సీట్లు కుట్టే మేస్త్రీ దగ్గరికి పంపాం. మొదటినుంచీ ఆ కుట్టుపని ఆయనదే, మంచి పనిమంతుడు.

పరీక్షకు ముందురోజు కుర్చీ తెచ్చుకుందామని సార్, నేను వెళ్లాం. బొటనవేలితో సీటు నొక్కి చూశాను. వేలు లోపలికి పోయింది.

"ఏం చేశారు మేస్త్రీగారూ?"

మేస్త్రీ మొహం వెలిగిపోయింది. "ఇన్ని దినాలు బొమ్మ కూసుంటుండె గదా మేడం. గిప్పుడు సార్ కూసుంటడంట. గట్టిగ కొడితే నడుము ఏం గావాలె? మెత్తటి స్పాంజి ఇంకో పొర ఏసిన. జర ఆరాముంటది. పైసలొద్దు, నా తరఫు."

ఇక ఆయన్ని ఏమని తిడతాం? మనిషి కూర్చుంటాడంటే మెత్తగా వేయడం మన మర్యాద. కానీ కుర్చీ పడేటప్పుడు ఆ మెత్తదనమే శత్రువు. కుర్చీ నేలను తాకి ఆగిపోతుంది, మనిషి ఇంకా స్పాంజిలోకి దిగుతూనే ఉంటాడు, అడుగు తగిలేసరికి దెబ్బ రెట్టింపు. మెత్తటి సీటున్న ఆటో స్పీడ్ బ్రేకర్ ఎక్కితే తల టాపుకు తగలడం లేదూ, అలాగే. స్పాంజి పీకేద్దామంటే జిగురుతో అంటించేశాడు. దాంతోపాటు కిందున్న గట్టి పొరా చిరిగొచ్చింది. పాపం మేస్త్రీ మా మొహాలు చూసి బిక్కచచ్చిపోయాడు. గట్టి పొర కొత్తది వేసి, సాయంత్రానికల్లా మళ్లీ కుట్టిస్తానన్నాడు.

కొత్త పొర అంటే మార్పు. మార్పు అంటే బొమ్మ. అల్లుడుగారిని పడేశాక కుర్చీ మొత్తం విప్పి చూడాలి, అది ఒక రోజులో తెమిలే పని కాదు. మా కొక్కేనికి సరిపడే క్రేన్ ఊళ్లో ఒక్కటే, దానికి ఎల్లుండి నుంచి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్స్ నిలబెట్టే పని. ఆ బేరం ముందు మా రాకెట్ ఏ మూలకు? క్రేన్ తిరిగొచ్చేది జనవరిలోనే, అప్పటికి సార్‌కు యాభై నిండిపోతాయి. కాబట్టి రేపు ఆ కుర్చీలో సార్ అయినా కూర్చోవాలి, బొమ్మ అయినా కూర్చోవాలి.

ఆఫీసు నడిపే మా పెద్దసార్‌కు ఫోన్ చేస్తే, "ప్లాన్ నీది. నువ్వెట్ల అంటే అట్ల," అని పెట్టేశాడు. మహానుభావుడు!

సార్ నన్ను ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లాడు. చాయ్ వచ్చింది, చల్లారింది.

"అదే మేస్త్రీ, అదే సూది, అదే గట్టి స్పాంజి," అన్నాడు. "ఏం మారింది బిడ్డా?"

"తెలీదు సార్. తెలీదు కాబట్టే."

"నడుము నాది. పోతే నాది పోతది."

"నడుము మీదే సార్. ప్లాన్ నాది."

ఆయన ఒంటికాలి మీద లేస్తాడనుకున్నాను. లేవలేదు. అరిచి ఉంటే నాకూ తేలికయ్యేది, నేనూ అరిచేదాన్ని. బూట్ల వంక చూసుకుంటూ, "చర్చిల అందరికి చెప్పిన బిడ్డా," అన్నాడు మెల్లగా. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కుదరదన్నాను. పక్క బల్లవాళ్లు మమ్మల్ని తండ్రీకూతుళ్లనుకుని ఉంటారు.

మర్నాడు అల్లుడుగారు ఎక్కాడు. సార్ క్రిస్మస్ సెలవు పెట్టి గ్రౌండ్‌కు రాలేదు. తర్వాత రోజుల్లో కుర్చీ విప్పుతూ నేను కోరుకున్నది బయటికి చెప్పుకోదగింది కాదు. ఏదో ఒకటి తెగి ఉండాలి, విరిగి ఉండాలి, ఒక్క కుట్టు ఊడినా చాలు, తీసుకెళ్లి ఆయనకు చూపిస్తాను అనుకున్నాను. పరీక్షలు నడిపే మనిషి పరీక్ష చెడిపోవాలని కోరుకోవడం కంటే అన్యాయం ఉంటుందా? నేను కోరుకున్నాను. ఏమీ తెగలేదు. అల్లుడుగారు అంతకుముందు ఎన్నడూ అంత హాయిగా దిగలేదు.

సార్ అడగకముందే చెప్పాలని వాళ్లింటికి ఫోన్ చేశాను. వెనక పిల్లల గోల, ఎవరో పాటలు పాడుతున్నారు.

"ఏమైంది బిడ్డా మన అల్లునికి?"

"ఏం కాలేదు సార్."

"నడుము?"

"బాగుంది."

"మెడ?"

"బాగుంది సార్."

పాటలు ఆపమని వెనక్కి తిరిగి కేకేశాడు. తర్వాత, "అంటే, నేను కూసున్నా ఏం కాకపోతుండె," అన్నాడు.

నా దగ్గర జవాబుంది. ఈ సంగతి ఇప్పుడు తెలిసింది సార్, ఆ రోజు మనకు తెలీదు అనాలి. పెద్దసార్‌తో అదే అన్నాను, మావాళ్లందరితోనూ అదే అన్నాను. ఇవాళ అడిగినా అదే అంటాను, ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ బొమ్మనే ఎక్కిస్తాను.

"ఔ సార్," అన్నాను.

"అయితే నేను దిగినట్టే," అన్నాడు. "రేపు చర్చిల గట్లనే చెప్తా."