రెండు గంటలు కూర్చోలేని రేవణసిద్ధప్ప

న్యాల్‌కల్ వైపు పల్లెలకు ముప్పై ఒక్క ఏండ్లు ఉత్తరాలు మోసిన రేవణసిద్ధప్ప కాళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎండైనా వానైనా రోజుకు పదహారు మైళ్లు. వాగు పొంగితే సంచి నెత్తిన పెట్టుకుని దాటాడు. ఒక్క కార్డు ముక్క తడవలేదు. అట్లాంటి మనిషికి 1982లో దండ వేసి సెలవు చెప్పారు. ఇక జహీరాబాద్‌లో కొడుకు బట్టల దుకాణంలో గద్దె మీద కూర్చోవడమే పని. రెండేళ్లకే పొట్ట ముందుకొచ్చింది.

అదే ఏడు షుగరు ముదిరి అన్న చెన్నబసప్పకు కాలు తీసేశారు. తన కాళ్లకూ అదే గతి పడుతుందేమోనని భయం పట్టుకుని డాక్టర్ అమర్నాథ్ దగ్గరికి పోయాడు. మూత్రాన్ని నీలిరంగు పరీక్షమందులో కాచి చూస్తే రంగు మారలేదు.

"అయితే నాకేం లేనట్టే గద సారూ?"

"మూత్రం ఆలస్యంగ చెప్తది, నెత్తురు ముందుగాల చెప్తది. రేపు ఏం తినకుండ రాండ్రి."

మర్నాడు ల్యాబు నడిపే సర్వర్ అనే యువకుడు పరగడుపున నెత్తురు తీసి, గ్లూకోజు నీళ్లు తాగించి బల్ల చూపించాడు. "కాకా, రెండు గంటలు ఈడికెళ్లి కదలొద్దు. మళ్ల నెత్తురు తీస్త."

గడువు తీరాక చూస్తే నెత్తురులో చక్కెర లెక్క నూట ఇరవై ఎనిమిది. బాగానే ఉంది. కానీ సర్వర్ చూపు కిందికి పోయింది.

"కాకా, చెప్పులకు గీ ఎర్రమట్టి యాడిది?"

"జర గాలికి పోయిన."

"ఎందాక?"

"టేషన్ దాక. రెండుసార్లే."

మూడు రోజులకు మళ్లీ పరీక్ష. ఈసారి భార్య దేవమ్మ పక్కనే కూర్చుని ధోవతి కొంగు పట్టుకుంది. "ముప్పై ఏండ్లు ఊర్లు తిరిగినవ్. రెండు గంటలు నా పక్కన కూసుంటే అరిగిపోతవా?"

లెక్క నూట అరవై ఎనిమిదికి ఎక్కింది.

"నూట నలభై లోపుంటే మంచిది. రెండు వందలు దాటితే షుగరు. మీది నడుమల ఉన్నది," అన్నాడు డాక్టరు. "రోగం గాదు, గని ఆ తొవ్వ పట్టిన్రు."

"మరి నా కాళ్లు?"

"మొన్న లెక్క తగ్గించింది ఆ కాళ్లే గద! పరీక్ష చెడగొట్టిన్రు గని మందు దొరికింది. గద్దె దిగుండ్రి. అన్నం సగం చేసి జొన్నరొట్టె తినుండ్రి."

దిగాడు. రోజూ పొద్దున అయిదు మైళ్లు నడిచాడు. ఆరు నెలలకు, కదలకుండా కూర్చుని ఇచ్చిన నెత్తురులోనే నూట ముప్పై రెండు వచ్చింది. ఆ కాగితం బజారులో చూడనివాడు లేడు.

ఆ కాగితం చేతికొచ్చిన నాడు ల్యాబు బయట దేవమ్మ రిక్షా కోసం అటూ ఇటూ చూస్తుండగానే ఆయన చౌరస్తా దాటిపోయాడు.