కుర్చీలు వేసే మా అన్నయ్య

మా అన్నయ్య ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా వదిన "గవర్నమెంటులో పెద్ద పోస్టు" అంటుంది. నేనైతే "కుర్చీలు వేస్తాడు" అంటాను. రెండూ నిజమే. ప్రభుత్వం జరిపే సభల్లో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో నిర్ణయించే ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. మంత్రి పక్కన ఎవరుండాలి, జడ్జి వెనక ఎవరుండాలి, దిగిపోయిన ముఖ్యమంత్రికీ ఎక్కిన ముఖ్యమంత్రికీ మధ్య ఎన్ని కుర్చీలుంటే తగాదా రాదు, అన్నీ ఆ బుర్రలోనే ఉంటాయి. ఇంతమందిని కూర్చోబెట్టిన మనిషి తను మాత్రం ఏ సభలోనూ కూర్చోలేదు. తలుపు పక్కన నిటారుగా నిలబడతాడు. గోడకు ఆనుకోడు. ఆనుకుంటే కోటు నలుగుతుందట.

ఆ కోటు కుట్టింది నేనే. నాకు టైలరింగ్ షాపు ఉంది. పెద్ద సభ ఏదైనా ఉందంటే అన్నయ్య వచ్చి నా గుండీల డబ్బా కటింగ్ టేబుల్ మీద బోర్లిస్తాడు. నాలుగు చిల్లుల నల్ల గుండీలు మంత్రులు. తెల్ల చొక్కా గుండీలు అతిథులు. ఇత్తడి గుండీ ముఖ్యమంత్రి. గంటసేపు వాటిని అటూ ఇటూ జరిపి, సభంతా కాగితం మీదకు ఎక్కించుకుని, సగం గుండీలు కింద పారేసి వెళ్ళిపోతాడు. వాటిని ఏరుకుంటూ నేను తిట్టిన తిట్లన్నీ రాస్తే ఒక పుస్తకమవుతుంది.

మొన్న ఎన్నికలయ్యాక వచ్చినప్పుడు డబ్బా బోర్లించలేదు. ఇత్తడి గుండీ ఒక్కటే తీసి గుప్పిట్లో పెట్టుకుని షాపులో ఈ చివరి నుంచి ఆ చివరికి కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు.

"ఏమైందన్నయ్యా? ఎవరు తిట్టారు?"

"ఎవరూ తిట్టలేదే. స్పానరమ్మ గెలిచింది కదా."

"గెలిస్తే ఏం? నేనూ ఆవిడకే వేశాను."

స్పానరమ్మ అంటే మా కొత్త ముఖ్యమంత్రి. బస్సు డిపోలో ఇరవై ఏళ్ళు మెకానిక్‌గా చేసి, యూనియన్ నడిపి, అక్కణ్ణుంచి రాజకీయాల్లోకి వచ్చిన మనిషి. మందుల షాపు నడిపే ఒకావిడను పెళ్ళి చేసుకుంది. ఇద్దరూ ఆడవాళ్ళే. ఆ సంగతి ఏనాడూ దాచలేదు. మొదటిసారి నిలబడినప్పుడు ఎవరో ఆవిడ గురించి గోడల నిండా రాశారు. ఆవిడ మైకు తీసుకుని ఆ గోడ ముందే మీటింగు పెట్టింది. "రాసింది నిజమే, నాకు ఆడమనిషే భార్య. అక్షరాలే వంకరగా ఉన్నాయి. నన్నడిగితే నేనే నీటుగా రాసిచ్చేదాన్ని కదా" అంది. ఆ వీధి వీధంతా నవ్వింది.

ప్రమాణ స్వీకారానికి ఇంకా ఐదు రోజులున్నాయి. ముందు వరుసలో దారి పక్కనున్న మొదటి కుర్చీ ముఖ్యమంత్రి ఇంటివాళ్ళది. దానిమీద అన్నయ్య ఆఫీసులో రెండు రోజులు తలుపులేసుకుని మీటింగులు పెట్టారట. "ఎందుకొచ్చిన గొడవ, ఆ మందుల షాపు ఆవిణ్ణి రెండో వరుసలో అతిథుల్లో కలిపేద్దాం" అన్నాడట పై అధికారి. అన్నయ్య పాత చార్టు తీసి బల్లమీద పరిచాడు. యాభై ఏళ్ళుగా అందరూ మగ ముఖ్యమంత్రులే కాబట్టి, ఆ కుర్చీ కింద 'ముఖ్యమంత్రి గారి భార్య' అని అచ్చువేసి ఉంది.

"ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు సార్" అన్నాడట అన్నయ్య. పై అధికారి చార్టు మడిచి తిరిగి ఇచ్చేశాడట.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అన్నయ్య నవ్వలేదు. తిరుగుడూ ఆపలేదు.

"సమస్య తీరిపోయిందిగా! ఇంకా ఎందుకలా తిరుగుతావు? నిన్ను చూస్తుంటే నా తల తిరుగుతోంది."

"చిన్నాడు గుర్తొస్తున్నాడే" అన్నాడు.

నా మిషను ఆగిపోయింది. ఆ పేరు అన్నయ్య నోటి నుంచి విని ఎనిమిదేళ్ళయింది.

చిన్నాడు మా తమ్ముడు. లిఫ్టులు బాగుచేస్తాడు. కళ్ళజోళ్ళ షాపున్న ఒకతనితో కలిసి ఉంటున్నాడు. మా అమ్మ అతన్ని అద్దాలబ్బాయి అనేది. అమ్మ మంచం పట్టాక నా ఇంట్లో మెట్లు, అన్నయ్య ఇంట్లో మీటింగులు అడ్డమొచ్చాయి. చివరి ఎనిమిది నెలలూ అమ్మ చిన్నాడు వాళ్ళింట్లోనే ఉంది. స్నానం చేయించింది అద్దాలబ్బాయి. మాత్రలు మింగించింది అద్దాలబ్బాయి. అమ్మ కళ్ళజోడు ఎప్పుడూ ఒక పక్కకు వాలిపోయేది. రోజూ పొద్దున్నే దాన్ని సరిచేసి ఆవిడ ముక్కు మీద పెట్టేది కూడా అతనే. కన్నబిడ్డలం, మేం ఆదివారాలు వెళ్ళి పళ్ళు ఇచ్చి వచ్చేవాళ్ళం. ఇది చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అమ్మ పోయాక ఒక హాల్లో సంతాప సభ పెట్టాం. కుర్చీల పని ఇంకెవరికిస్తాం? అన్నయ్య ఆఫీసు పద్ధతిలోనే లిస్టు తయారు చేశాడు: పేరు, బంధుత్వం, కుర్చీ నంబరు. బంధుత్వం గడి నిండినవాళ్ళు ముందు ఆరు వరుసలు. ఖాళీగా ఉన్నవాళ్ళు ఏడో వరుస నుంచి. చిన్నాడు మొదటి వరుసలో, నా పక్కన. అద్దాలబ్బాయి పేరు ఎదురుగా ఏం రాయాలో అన్నయ్యకు తోచలేదు. గడి ఖాళీగా వదిలేశాడు. ఆ మనిషి ఏడో వరుసలో, ఆ రోజు ఫ్యాన్లు బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పక్కన కూర్చున్నాడు. చిన్నాడు వెనక్కి తిరిగి చూశాడు. లేచి వెళ్ళి ఏడో వరుసలో అతని పక్కన నిలబడ్డాడు, అక్కడ ఇంకో కుర్చీ కూడా లేదు. సభ అయ్యేదాకా నిలబడే ఉన్నాడు. ఆ తర్వాత వాడు అన్నయ్య గడప తొక్కలేదు.

"నేను కావాలని చేశానా? రూలు అది!" అనేవాడు అన్నయ్య మొదట్లో. తర్వాత్తర్వాత అదీ అనడం మానేశాడు.

ఇప్పుడు జేబులోంచి ఒక ఫారం తీసి నా టేబుల్ మీద పెట్టాడు. ప్రమాణ స్వీకారానికి ఆ ఆఫీసు వాళ్ళకు బాల్కనీలో తలా మూడు సీట్లిస్తారు, కుటుంబానికి. ఇన్నేళ్ళలో అన్నయ్య ఒక్కసారీ వాడుకోలేదు. మొదటి గీత మీద నా పేరు, 'చెల్లెలు'. రెండో గీత మీద చిన్నాడి పేరు, 'తమ్ముడు'. మూడో గీత మీద అద్దాలబ్బాయి పేరు. పక్కన గడి ఖాళీ.

"స్నేహితుడు అని రాస్తే బాగుంటుందంటావా?"

కత్తెర టేబుల్ మీద విసిరికొట్టాను. "ఊళ్ళోవాళ్ళ పెళ్ళాలకు చార్టులు పరిచి మరీ న్యాయం చేస్తావు. ఇంటికొచ్చేసరికి నీ పెన్నులో ఇంకు ఎండిపోతుందా? పో, నా షాపులోంచి పో!"

వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. గడి అలాగే ఉంది. ఆ మర్నాడూ వచ్చాడు. తిండి సరిగ్గా తినడం లేదని, మాట్లాడితే కసురుకుంటున్నాడని వదిన ఫోను. నాకూ కుదురు లేదు. ఒక స్కూలు కోటుకు రెండు చేతులూ ఎడమవే కుట్టాను.

నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చి, ఎప్పుడూ లేనిది, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. స్పానరమ్మ హాలు చూడటానికి వచ్చిందట. ఆ మొదటి కుర్చీ మీద చెయ్యి వేసి "ఇక్కడెవరు?" అని అడిగిందట.

"మీ భార్యగారండీ" అన్నాడట అన్నయ్య.

"ఎవరూ అడ్డుపడలేదా?"

"పడ్డారండీ. చార్టులో ఉందని చెప్పానండీ."

ఆవిడ పకపకా నవ్విందట. నవ్వి, "మరి చార్టులో లేకపోతే?" అని అడిగిందట.

"నువ్వేమన్నావు?" అన్నాను.

"ఏమంటాను? నీళ్ళు నమిలాను. ఆవిడ 'ఈ కుర్చీ కాలు ఊగుతోంది, స్పానర్ ఉందా?' అంది. మా పై అధికారి పరుగెత్తుకెళ్ళి తెచ్చాడు. కింద కూర్చుని తనే బిగించుకుంది."

అన్నయ్య ఫారం, పెన్ను తీశాడు. మూడో గీత పక్కన రాశాడు. ఒత్తి రాశాడేమో, అక్షరాలు కాగితం వెనకవైపు కూడా తేలాయి. 'తమ్ముడి భర్త.'

నేను తొందరగా ఏడ్చే మనిషిని కాను. ఆ రోజు కస్టమరు ముందే ఏడ్చాను. ఆవిడ జాకెట్టు కొలతలు ఇవ్వకుండానే వెళ్ళిపోయింది.

పాసులూ, ఆ ఫారం కాపీ పట్టుకుని నేనే వెళ్ళాను. చిన్నాడు ఒక అపార్టుమెంటులో లిఫ్టు గుంతలో దిగి ఉన్నాడు. పైకి వచ్చి, చేతులు తుడుచుకుని, మూడో గీత చదివాడు. రెండుసార్లు చదివాడు.

"కాగితం మీద రాయడం ఆయనకు బాగా వచ్చక్కా. అమ్మ సభలో కూడా పేరు రాశాడు. మన పక్కన కుర్చీ వేస్తాడా?"

"వేస్తాడు."

"చూద్దాంలే" అని మళ్ళీ గుంతలోకి దిగిపోయాడు.

ప్రమాణ స్వీకారం పదకొండు గంటలకు. పదింటికల్లా బాల్కనీ మొదటి వరుసలో కూర్చున్నాను. నా పక్క కుర్చీలు రెండూ ఖాళీ. ఒక్కోదాని వీపున అన్నయ్య చేతిరాతతో ఒక్కో చీటీ: 'తమ్ముడు', 'తమ్ముడి భర్త'. కింద తలుపు పక్కన అన్నయ్య నిలబడ్డాడు. ముందు వరుస మీంచి చూపు తిప్పని మనిషి, నిమిషానికోసారి తలెత్తి పైకి చూస్తున్నాడు. పదిన్నర. పది నలభై.

అన్నయ్య పెట్టిన రూలే ఒకటుంది. సభకు పది నిమిషాల ముందు ఖాళీగా ఉన్న కుర్చీలను బయట నిలబడ్డవాళ్ళతో నింపేయాలి. ఖాళీ కుర్చీలు కెమెరాలో బాగుండవట. సరిగ్గా పదీ యాభైకి బాల్కనీ బాధ్యత చూసే ఆయన ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"జరగండమ్మా, ఇవి వీళ్ళకు."

"చెయ్యి పెట్టి చూడు!" అని ఇంతెత్తున లేచాను. ఆయన బిత్తరపోయి కిందకు చూశాడు. అన్నయ్య అక్కణ్ణుంచే చెయ్యి అడ్డంగా ఊపాడు, వద్దని. ముప్పై ఒక్క ఏళ్ళలో తన రూలు తను తప్పడం అదే మొదటిసారి. ఆ పెద్దమనుషులు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

స్పానరమ్మ వేదిక ఎక్కింది. చప్పట్ల మధ్య బాల్కనీ తలుపు తెరుచుకుంది. అద్దాలబ్బాయి. ఒక్కడే. జుట్టు తెల్లబడింది, రొప్పుతున్నాడు. చీటీ చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. నెమ్మదిగా కూర్చున్నాడు.

"వాడేడి?" అన్నాను.

"గేటు దగ్గర ఉన్నాడక్కా. ముందు నన్ను పంపించాడు, కుర్చీ ఉందో లేదో చూడమని. ఉంటే ఫోన్ చెయ్యమన్నాడు. తీరా చూస్తే ఫోన్లు కింద తీసేసుకున్నారు."

ఓరి దేవుడా! నేను లేచేలోపే మెట్ల మీద అడుగుల చప్పుడు. అన్నయ్య. వేదిక మీద ముఖ్యమంత్రి ప్రమాణం చదువుతోంది, ఈయన తన తలుపు వదిలేసి పైకి వచ్చేశాడు. కూర్చున్న మనిషినీ ఖాళీ కుర్చీనీ మార్చి మార్చి చూశాడు. మొహం మాడిపోయింది.

"వాడు రాలేదా?"

"గేటు దగ్గర ఉన్నాడట, వెళ్ళు!" అన్నాను.

బాల్కనీ వెనక కిటికీలోంచి చూశాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆవరణకు అడ్డంగా పరుగు. కోటు ఎగిరిపోతోంది. గేటు బయట చిన్నాడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. తర్వాత చిన్నాడే చెప్పాడు. "అక్కడ అతను కూర్చున్నాడు, నువ్వూ వచ్చి కూర్చో" అన్నాడట అన్నయ్య. "నువ్వెక్కడ కూర్చుంటావు?" అని వీడు అడిగాడట. అన్నయ్య ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదట.

ఇద్దరూ పైకి వచ్చారు. చిన్నాడు అద్దాలబ్బాయి పక్కన కూర్చున్నాడు. అన్నయ్య వరండాలోకి వెళ్ళి మడత కుర్చీ ఒకటి తనే మోసుకొచ్చి, మా వరుస చివర వేసుకుని, దానిమీద కూర్చున్నాడు. కోటు వీపంతా నలిగిపోయింది. కింద తలుపు పక్కన ఎవరూ లేరు. అయినా సభకు ఏమీ కాలేదు.

"ఒక కుర్చీ వేయడానికి ఎనిమిదేళ్ళు పట్టిందా?" అన్నాడు చిన్నాడు, వేదికవైపే చూస్తూ.

పరుగెత్తాడు కదా, అన్నయ్య కళ్ళజోడు ఒక పక్కకు వాలిపోయి ఉంది. అద్దాలబ్బాయి వంగి చూశాడు.

"అచ్చం అమ్మ కళ్ళజోడులాగే వాలిపోతోంది. ఇలా ఇవ్వండి" అని చెయ్యి చాపాడు.

అన్నయ్య తీసి ఇచ్చాడు. అతను ఒళ్ళో పెట్టుకుని కాడ వంచడం మొదలుపెట్టాడు. కింద స్పానరమ్మ సంతకం పెడుతోంది, హాలంతా లేచి చప్పట్లు కొడుతోంది. ఐదు రోజులు తిండి మానేసి వేసిన కుర్చీలన్నీ అన్నయ్య కళ్ళ ముందే ఉన్నాయి.

"ఏమైనా కనబడుతోందా?" అని అడిగాను.

"ఏమీ కనబడటం లేదే" అన్నాడు అన్నయ్య. లేవలేదు.