నేను నడిపిన బండి, స్వామి పెట్టిన సంతకం

నేను నడిపిన బండికి మెకానిక్ స్వామి చేత సంతకం పెట్టించాను. ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో చాలా తప్పులు చేశాను గానీ, దీనికి మాత్రం చెప్పుకోవడానికి సాకు లేదు.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, రెండో పంట దాళ్వా కోతల రోజులు. గుడివాడలో ఒక కార్ల సర్వీస్ సెంటర్‌కి నేను ఫ్లోర్ ఇన్‌చార్జ్‌ని. ఏ బండి ఏ మెకానిక్ చూడాలో, ఏది సాయంత్రానికి గేటు దాటాలో చెప్పేది నేనే. ఒక శనివారం వాణి గారు తన టర్బో పెట్రోలు కారు తెచ్చారు. ముదినేపల్లి చుట్టుపక్కల చేపల చెరువుల నీళ్లు పరీక్ష చేయడం ఆవిడ వృత్తి.

"గట్టు మీద కాలు తీసి మళ్లీ తొక్కితే బండి గుటకలు మింగుతోందండీ. కాసేపు అసలు లాగదు," అన్నారు.

టర్బో ఇంజనులోకి గాలి ఒత్తిడితో వెళ్తుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే దారి మూసుకుపోయి ఆ గాలి వెనక్కి తంతుంది. దాన్ని పక్కకు వదిలేది బ్లో-ఆఫ్ వాల్వ్. మళ్లీ తొక్కగానే అది ఠక్కున మూసుకోవాలి. లేకపోతే ఇంజనుకు అందాల్సిన గాలి పక్కదారిన పోతుంది. మా సీనియర్ మెకానిక్ స్వామి ఆ వాల్వ్‌కి చేతిపంపు తగిలించి, గాలి లాగి వదిలి చూశాడు.

"తెరుచుకోవడం బానే ఉంది సార్. మూసుకోవడానికే బద్ధకిస్తోంది. లోపల జిడ్డూ దుమ్మూ పట్టినట్టుంది."

"ఎంతసేపట్లో మూసుకోవాలో మాన్యువల్లో ఉందా?"

"లేదు సార్. అది రాసినాయన మన చెరువు గట్టు ఎక్కలేదు గదా!"

పక్కనున్న వాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రం ఇవ్వాల్సిన బండ్లు ఇంకా ఏడున్నాయి. కారు నేనే తీసుకుని పామర్రు రోడ్డు మీద తొక్కిన కాలు తీయకుండా వెళ్లి వచ్చాను. ఎక్కడా తడబడలేదు. జాబ్ కార్డులో 'లోపం కనపడలేదు, నడిపే తీరు సరిచూసుకోవాలి' అని రాశాను. ఆడమనిషి, కాలు సరిగ్గా వేయడం రాదనుకున్నాను. ఆ మాట రాయలేదు గానీ అనుకున్నది అదే.

టెస్ట్ డ్రైవ్ గడిలో మెకానిక్కే సంతకం చేయడం మా దగ్గర ఆనవాయితీ, నడిపింది ఎవరైనా సరే. స్వామి పెన్ను పట్టుకుని ఆగాడు. "పెట్టవయ్యా, నేనున్నాగా," అన్నాను. పెట్టాడు.

పది రోజులకు వాణి గారు చెరువు గట్టు మీంచి మెయిన్ రోడ్డు ఎక్కుతూ, కాలు తీసి అటూ ఇటూ చూసి, మళ్లీ తొక్కారు. బండి లాగలేదు. రోడ్డుకు అడ్డంగా ఆగిన కారు వెనక భాగాన్ని చేపల లారీ కొట్టింది. కారు కాలవలోకి దిగింది. ఆవిడ ఎడమ మణికట్టు విరిగింది.

హెడ్ ఆఫీసు నుంచి వర్క్స్ మేనేజర్ వచ్చాడు. వాల్వ్ విప్పిస్తే స్వామి చెప్పిన జిడ్డే. అయినా సంతకం స్వామిది కాబట్టి అతన్ని తీసేస్తూ కాగితం తయారైంది. ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న మనిషి. ఫ్లోర్ ఇన్‌చార్జ్‌గా నేను కింద సంతకం చేస్తే సరిపోతుందన్నారు. చేయనన్నాను.

"మీకెందుకండీ తలనొప్పి? రికార్డు మీ వైపే ఉంది. మెకానిక్కులు బోలెడుమంది దొరుకుతారు."

"దొరుకుతారండీ. ఆ రోజు బండి నడిపింది మాత్రం నేనొక్కణ్ణే."

కాగితం మూడుసార్లు నా ముందుకు జరిపాడు. మూడుసార్లూ వెనక్కి జరిపాను. నాలుగోసారి జాబ్ కార్డు తెప్పించి, స్వామి సంతకం కిందే 'మెకానిక్ లోపం చెప్పాడు. నేను వినలేదు. నడిపింది నేను' అని రాసి, పేరూ తేదీ వేశాను. రికార్డు పాడుచేశావని అరిచాడు. పాడైంది ఆ శనివారమేనన్నాను.

స్వామి ఉద్యోగం నిలిచింది. నన్ను ఫ్లోర్ మీంచి తీసి స్పేర్ పార్టుల కౌంటర్‌లో వేశారు. రిటైరయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. తల దించుకుని మాత్రం కాదు. స్వామి నాకు కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

వాణి గారింటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. "ఆ రోజు నా పక్కన కూర్చుని ఒక్క గట్టు ఎక్కుంటే సరిపోయేది గదండీ," అన్నారు. కట్టు విప్పేదాకా డ్యూటీకి ముందు రోజూ నేనే నడుపుతానన్నాను. "నడపడం వచ్చా మీకు?" అని అడిగి, నీళ్ల సీసాల పెట్టె నా చేతికిచ్చారు.

మర్నాడు నా కారులో గట్టెక్కాం. గేదెలు, మలుపు, మేత బస్తాల ట్రాక్టరు. మొదటి చెరువు చేరేలోపు ఎన్నిసార్లు కాలు తీసి మళ్లీ తొక్కానో లెక్కలేదు. లోపం ఏ రోడ్డు మీద వస్తుందో ఆ రోడ్డు మీదే, దాన్ని చెప్పినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని పరీక్షించాలి. నడిపినవాడే సంతకం పెట్టాలి. ఆరు వారాల పాటు ఆవిడ ఏ గట్టు చెబితే ఆ గట్టు ఎక్కించాను.