పల్లం వాటా

మా మామగారు తెనాలిలో స్థలం కొన్నారన్న కబురు వచ్చేసరికి నేను బాపట్లలో ఇంటివాళ్ల నూతి దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. ఇంటావిడ గట్టు మీద కూర్చుని నేను తోడుకునే నీళ్లను చూస్తోంది. కబురు తెచ్చింది మా ఆయనే. ఆ సంతోషంలో ఆవిడ చూస్తుండగానే అవసరం లేకపోయినా ఇంకో చేద తోడేశాను.

మా ఆయన స్కూలు మాస్టారు. అవి అరవైల చివరి రోజులు. పెళ్లయిన కొత్తలో రేపల్లెలో, ఆ తర్వాత బాపట్లలో అద్దె వాటాల్లోనే కాపురం చేశాం. రేపల్లెలో ఇంటావిడ మా వంటింటి కిటికీ కింద మంచం వాల్చుకుని, పోపు వాసన పట్టి మేం ఏం వండుకుంటున్నామో చెప్పేది. చెప్పి ఊరుకోకుండా "నిన్నా వంకాయేగా" అనేది. బాపట్లలో ఇంటాయన డాబా మెట్ల తలుపుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. వడియాలు ఎండబెట్టుకోవాలంటే ఆయన పూజ ముగించుకుని వచ్చేదాకా పిండి గిన్నె పట్టుకుని నిలబడాలి.

ఇలాంటివన్నీ పడ్డాక నాకు ఒకే ఒక్క కోరిక మిగిలింది. నాదంటూ ఒక వంటిల్లు కావాలి. ఇంత పొద్దెక్కాక రుబ్బుతున్నావేంటని అడిగే మనిషి అందులో ఉండకూడదు. నగలు వద్దు, పట్టుచీరలు వద్దని కూడా అనుకున్నాను గానీ, ఆ మాట పైకి అనేంత తెలివితక్కువదాన్ని కాదు.

కొన్నాళ్లకు మా ఆయనకు తెనాలికే బదిలీ అయింది. మళ్లీ అద్దె వాటాలోనే దిగినా, ఇక ఎన్నాళ్లులే అన్న ధీమాతో సామాను సగం కట్టలు విప్పనే లేదు.

స్థలం కాలవ కట్టను ఆనుకుని ఉంది. కట్ట మీద రోడ్డు పడమర వైపు. రోడ్డు దిగగానే మెరక, అక్కడి నుంచి తూర్పుకు జారుకుంటూ పోతుంది నేల. తెనాలి చుట్టుపక్కల ఎటు చూసినా పళ్లెంలా చదునుగా ఉండే నేలే. అలాంటి చోట మా మామగారు ఎక్కడ వెతికి పట్టారో గానీ, పై చివర నిమ్మకాయ వదిలితే కింది చివర ఏరుకునేలాంటి స్థలం పట్టారు. నలుగురూ మట్టి తోలించి చదును చేయించమన్నారు. వాస్తు చెప్పే సిద్ధాంతిగారు మాత్రం వచ్చి చూసి, చేతులు జోడించినంత పని చేశారు.

"పడమర మెరక, తూర్పు పల్లం. కోరుకున్నా దొరకదండి ఇలాంటిది. మట్టి తోలారంటే అదృష్టాన్ని మీ చేత్తో మీరే పూడ్చుకున్నట్టు" అన్నారు.

ఆ రోజు నుంచి ఆ వాలు మా మామగారికి సొంత ప్రయోజకత్వం అయిపోయింది. ఆయన వేమూరు దగ్గర పల్లెలో వ్యవసాయం చేసిన మనిషి. అన్నదమ్ములు పంచుకున్న పాత ఇంట్లో మిగిలిన జీవితం గడపడం ఇష్టం లేక పట్నంలో ఇల్లు కట్టాలనుకున్నారు. పైన రోడ్డు పక్కన మెరక మీద మా అందరికీ పెద్ద ఇల్లు, కింద పల్లంలో అద్దెకిచ్చేందుకు రెండు వాటాలు. నుయ్యి ఈశాన్యం మూల. వాడిన నీళ్లు కూడా ఒక్క చుక్క పడమరకు తిరగకుండా ఈశాన్యానికే నడవాలి. అన్నీ శాస్త్రమే. దేనికీ వంక పెట్టడానికి లేదు.

"వంటిల్లు ఆగ్నేయంలో. మీ అత్తయ్య చూసుకుంటది. నువ్వు పక్కనుండి అందిస్తే చాలమ్మాయ్, ఇన్నాళ్లూ ఒక్కదానివే కష్టపడ్డావు" అన్నారు మామగారు నాతో, ఏదో వరం ఇస్తున్నట్టు.

నా ప్రాణం ఉసూరుమంది. మా అత్తగారు మంచి మనిషి. అదే వచ్చిన చిక్కు. గయ్యాళి అయితే నలుగురికీ చెప్పుకుని ఏడ్చేదాన్ని. ఆవిడ పల్లెత్తు మాట అనదు. మా దగ్గరికి వచ్చినప్పుడల్లా, నేను కూరలో ఉప్పు వేస్తుంటే పక్కన నిలబడి చూస్తుంది, అంతే. ఆ చూపుకే లెక్క తప్పి ఉప్పు రెండుసార్లు వేస్తాను. సొంత ఇల్లు వచ్చాక కూడా నేను అద్దె లేకుండా అద్దెకున్న దాన్నే అవుతానన్నమాట. మా ఆయనతో ఆ మాటంటే, "అమ్మ నిన్నేమందిప్పుడు?" అన్నాడు.

పునాదులు తవ్వే ముందు మేస్త్రి నేల మీద ముగ్గు పోయడం అందరి ఇళ్లకూ ఉన్నదే. మా మామగారు మేస్త్రి దాకా ఆగలేదు. కాయితం మీద ఎవరిల్లైనా బానే ఉంటుందని ఆయన వాదం. అందుకని ఆదివారం వస్తే చాలు, ముగ్గుపిండి సంచీ పట్టుకుని అత్తగారితో సహా వేమూరు నుంచి బస్సెక్కి వచ్చేవారు. మేము క్యారియరూ, మంచినీళ్ల బిందే తీసుకుని వెళ్లేవాళ్లం. మామగారు తాడు పట్టేవారు, మా ఆయన మేకులు పాతేవాడు, అత్తగారూ నేనూ తాడు వెంబడి గోడలకు ముగ్గు పోసేవాళ్లం. అత్తగారు పోసిన గోడ తాడు కన్నా తిన్నగా ఉండేది. వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి అలవాటు కొద్దీ నాలుగు రేకుల పువ్వొకటి వేసేది.

"ఇల్లు గీయమంటే పూలేస్తావేంటే" అని మామగారు కసురుకునేవారు. ఆవిడ తల వంచుకుని రెండో గుమ్మం దగ్గర కూడా వేసేది.

గీత పడిందంటే అది గోడ కిందే లెక్క. తొక్కడానికి వీల్లేదు, గుమ్మాల్లోంచే నడవాలి. మేము వరండాలోంచి హాల్లోకి, హాల్లోంచి వసారాలోకి చుట్టూ తిరిగి వెళ్లి అన్నం తినేవాళ్లం. కట్ట మీద పోయే సైకిళ్లు ఆగి మరీ చూసేవి. మామగారు మాత్రం చుట్ట కాల్చుకోవాలనిపిస్తే నేరుగా పడగ్గది గోడలోంచి నడిచి వెళ్లిపోయేవారు. ఒకసారి ఎవరిదో ఆవు వచ్చి దేవుడి గదిలోంచి నడిచిపోయింది. అది శుభమన్నారు. దాని వెనకే వచ్చిన గేదెను మాత్రం మా ఆయన చేత తరిమించారు.

కొన్ని ఆదివారాలు గడిచాక ఇల్లు తృప్తిగా కుదిరి, ఇక అద్దెకొచ్చే వాళ్ల మీదికి మళ్లింది మామగారి దృష్టి. ఇంటి యజమానిగా ఆయనకు అనుభవం లేదు. అందుకని సాధన మొదలుపెట్టారు.

"ఒరేయ్, నువ్వు వాటా కోసం వచ్చావు. నేను అడుగుతుంటా, చెప్పు" అన్నారు మా ఆయనతో.

మా ఆయన కింది వాటా గుమ్మం ముందు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బంధువులు వస్తూ పోతూ ఉంటారా అని అడిగితే, మా వైపు వాళ్లెవరికీ ప్రయాణాలు పడవండి అన్నాడు. గోడలకు మేకులు కొడతారా అంటే, క్యాలెండరు కూడా చేత్తోనే పట్టుకుని చూస్తామండి అన్నాడు. రుబ్బుడు, దంపుడు ఉంటాయా అంటే, మా ఆవిడ పచ్చళ్లు తినదండి అన్నాడు. గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగని నేను పక్కనే ఉన్నాను.

మామగారు తాడు చుట్టేస్తూ, "నీకు మాత్రం ఇవ్వకూడదురా. మరీ బాగా చెప్తున్నావు" అన్నారు.

ఆ వాటాలను ముగ్గులో వేసింది కూడా ఆ ధోరణిలోనే. అద్దెకున్న వాళ్లకు గాలెందుకు, వీధిలో బోలెడంత ఉందిగా అన్నట్టు ఒక్కో గదికి ఒక్కో కిటికీ. వంటింట్లో ఒక మనిషి వంగితే రెండో మనిషి బయటికి రావాల్సిందే. అత్తగారు ఆ గదుల్లో నెమ్మదిగా తిరుగుతూ, ఒక్కో మూల నిలబడి చూసుకునేది. చూసి, పల్లం వైపు అరుగు మీద కూర్చునేది. అంటే అరుగు గీత మీద.

ఆ ఆదివారం భోజనాలయ్యాయి. గిన్నెలు కడగడానికి నేను కట్ట పక్కకు వెళ్తుంటే మామగారు ఆపారు.

"వంటిల్లుండగా బయటికెందుకమ్మాయ్? అక్కడే కడుగు. ఎలా ఉంటదో చూద్దాం" అన్నారు.

సరేనని మెరక మీద వంటింటి ముగ్గులో కూర్చుని క్యారియరు గిన్నెలు కడిగాను. మిగిలిన నీళ్లెందుకని బిందె మొత్తం ఒంపేశాను. అందులో కొంచెం కసి కూడా ఉంది, కాదనను. నీళ్లు సాంబారు రంగులో బయల్దేరి, వంటింటి గోడ ముగ్గును కరిగించుకుని, కింది వాటా వరండాలోకి దిగాయి. వరండాలోంచి అద్దెవాళ్ల వంటింటి గుమ్మం దాకా వెళ్లి, అత్తగారు వేసిన పువ్వును తుడిచేసి, శాస్త్రప్రకారం ఈశాన్యానికి తిరిగాయి. అక్కడ నుయ్యి కోసం గీసిన గుండ్రటి ముగ్గులో చేరి నిలబడ్డాయి. మునక్కాయ ముక్క ఒకటి సరిగ్గా నూతి నడిమధ్యన ఆగింది.

నుయ్యి ఈశాన్యంలో ఉండాలన్నదీ శాస్త్రమే, నీళ్లు ఈశాన్యానికి పోవాలన్నదీ శాస్త్రమే. ఆ రెండూ ఒకచోట కలుస్తాయని అన్ని ఆదివారాల్లో మాలో ఒక్కరికీ తట్టలేదు.

"కింద ఉండేవాళ్లు కాస్త సర్దుకుంటార్లే" అన్నారు మామగారు.

"ఆ నూతి నీళ్లే కదండి మనమూ తాగేది" అన్నాను. ఆయన వినిపించుకోనట్టు చుట్ట తీశారు.

అప్పుడు అత్తగారు అరుగు మీద నుంచి లేచింది.

"ఏవండి, ఈ కింది వాటా అద్దెకివ్వొద్దు. నాకిచ్చెయ్యండి" అంది.

మామగారి చేతిలో అగ్గిపుల్ల అలాగే ఆరిపోయింది. "నీకేంటే వాటా? ఇల్లంతా నీదేగా" అన్నారు.

"పైనున్నది ఇల్లు. దాంట్లో వంటిల్లు అమ్మాయిది. నాకీ వాటా చాలండి, దీనికి గుమ్మం విడిగా ఉంది."

"పెద్దవాళ్లు నైరుతిలో ఉండాలని సిద్ధాంతిగారు చెప్పలా?"

"ఈ వాటాకి మాత్రం నైరుతి మూల ఉండదా ఏంటండి? ఆ మూల మంచం వేస్తాను, పడుకోండి."

మామగారు వాటా చుట్టూ చూశారు. దానికీ నాలుగు మూలలు ఉన్నాయి.

నాకు లోపల పండగ్గానే ఉంది, కానీ భయం కూడా వేసింది. నా మనసులో మాట ఆవిడ కనిపెట్టేసిందేమో, కోడలు పొమ్మనకుండానే తను తప్పుకుంటోందేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లి, "నావల్ల ఏమైనా తప్పు జరిగిందా అత్తయ్యా" అన్నాను.

"నువ్వేం చేశావు?" అంది ఆవిడ, ముగ్గు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "చిక్కుడుకాయ కూరలో అల్లం వేసుకుంటే నాకిష్టం అమ్మాయ్. మా అమ్మ అలాగే చేసేది. పెళ్లయి వచ్చాక మా అత్తగారికి అల్లం పడదన్నారు. ఆవిడ పోయాక తోడికోడళ్లతో కలిపి వంట, ఎవరికీ అలవాటు లేదన్నారు. మీ మామయ్యకి సరేసరి. రేపు నీ పక్కన నిలబడితే నువ్వు మొహమాటానికి వేస్తావు, అబ్బాయి తినడు. ఇంతకాలం వండాను గానీ, ఒక్క పొయ్యి కూడా నాదనుకుని వెలిగించలేదు. వంటిల్లు కావాలన్న ఆశ నీకొక్కదానికే ఉంటదనుకున్నావా?"

నా ఉప్పు వైపు ఆవిడ చూసిన చూపు గుర్తొచ్చింది. తప్పు పట్టడానికి చూస్తోందనుకున్నాను ఇన్నాళ్లూ. ఆవిడ చూసింది నా పొయ్యిని. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

మరుసటి ఆదివారానికి కింది వాటా రూపమే మారిపోయింది. మామగారు కూడా ఉండబోయే చోటు కదా, ఒక్కో గదికి రెండేసి కిటికీలు వచ్చాయి. వంటిల్లు పెరిగింది. వాడిన నీళ్లు దక్షిణం గోడ వారగా తూర్పు చివర మురుగు కాలవలోకి పోవాలని మామగారే తాడు పట్టి చూపించారు. పాపం, అదే కొలతల్లో కట్టిన ఆ పక్క వాటాలోకి తర్వాత అద్దెకొచ్చిన వాళ్లు, ఇంత మంచి ఇంటి యజమాని ఎక్కడా ఉండడని చెప్పుకునేవారు. వాళ్లకు అసలు సంగతి మేమెవరమూ చెప్పలేదు.

ఇల్లు లేచింది. డెబ్బైలు వచ్చేసరికి గృహప్రవేశం చేసుకుని అందరం చేరాం. కింది వాటాలో దిగిన మొదటి రోజే మామగారు క్యాలెండరు తగిలించడానికి సుత్తి తీస్తే, మా ఆయన వెళ్లి గుమ్మం ముందు నిలబడి, "గోడలకి మేకులు కొడతారా అండి?" అని అడిగాడు. సుత్తి గాల్లోకి లేచింది గానీ, అది గోడ కోసం కాదు.

చిక్కుడుకాయలు వచ్చే కాలంలో ఒక మధ్యాహ్నం కింద నుంచి అల్లం వాసన నా వంటింట్లోకి వచ్చింది. వెనకాలే ఖాళీ గిన్నె పట్టుకుని మామగారు మెట్లెక్కి వచ్చారు.

"మీ అత్తయ్య ఆ కూరలో అల్లం దట్టించింది. ఇదేంటంటే, ఇష్టం లేకపోతే పైకెళ్లి తెచ్చుకోమంది. నువ్వేం చేశావమ్మాయ్?"

నేను మూత తీసి చూపించాను. ఆయన వంగి వాసన చూశారు. నా వైపు చూశారు. మళ్లీ కూర వైపు చూశారు.

"నువ్వూనా?" అన్నారు.

"అవునండి. పొద్దున కిందికి వెళ్లి నేర్చుకున్నాను."

ఆయన ఖాళీ గిన్నెతోనే నెమ్మదిగా మెట్లు దిగి వెళ్లిపోయారు. కిటికీలోంచి చూస్తే, కింది వాటాలో పీట వాల్చుకుని కూర్చున్నారు. అత్తగారు వడ్డించింది. ఆయన తలెత్తకుండా తిన్నారు. రెండోసారి వేయించుకోవడం కూడా చూశాను.